డీజే పార్టీ డ్రెస్ ఇంట్లోనే: బట్ట కొనేముందు లైటు చూడండి

పోయిన ఏడాది మా పిన్ని కూతురి సంగీత్‌కి నేను చిలకపచ్చ నియాన్ లంగా, దాని మీదికి ఆరెంజ్ చున్నీ వేసుకెళ్లాను. సికింద్రాబాద్ జనరల్ బజార్‌లో ఆ బట్టను షాపు బయటికి తెచ్చి చూస్తే ఎండలో కళ్లు జిగేల్‌మన్నాయి, ఇంకేం, హాల్లో అందరి చూపూ నా మీదే అనుకున్నా. తీరా డీజే వాళ్లు ఎర్ర లైట్లు వేయగానే నా పచ్చ లంగా కాస్తా బొగ్గు రంగుకి తిరిగింది. ఫొటోల్లో నేనెక్కడున్నానో నాకే దొరకలేదు. పక్కన మా మేనత్త ఎప్పటిదో తెల్ల జార్జెట్ చీర కట్టుకుంది, అంచుకి వెండి చమ్కీలు, ఎర్ర లైటు వేస్తే ఎర్రగా, నీలం వేస్తే నీలంగా, మనిషి మొత్తం వెలిగిపోతోంది. ఆమెకి ఆ రోజు అయిన ఖర్చు ఇస్త్రీ డబ్బులు.

అప్పటినుంచి ఎవరైనా "పార్టీ ఉంది, మెరిసేది కావాలి, డబ్బులు లేవు" అంటే నేను ముందు అడిగేది, అక్కడ లైటు ఏంటి అని. చాలామందికి తెలీదు. ఫోన్ చేసి కనుక్కోండి, పార్టీ పెట్టేవాళ్లకి తెలియకపోతే డీజే అన్నకి తెలుస్తుంది. "అన్నా, యూవీ ట్యూబులు పెడుతున్నరా, పార్ లైట్లు షార్పీలేనా?" అని అడిగితే చాలు (యూవీ అంటే అల్ట్రావయొలెట్, మిగతా రెండూ రంగుల లైట్లు), ఒక్క మాటలో చెప్తాడు. ఆ ఒక్క మాట మీదే మీ ఖర్చంతా ఆధారపడి ఉంటుంది.

ఫంక్షన్ హాళ్లలో ఎక్కువగా పెట్టేవి రంగులు మారే పార్ లైట్లు, గిరగిరా తిరిగే షార్పీలు. రంగు బట్ట తన రంగు వెలుగునే వెనక్కి పంపి మిగతాది మింగేస్తుంది. ఎర్ర లైటులో పచ్చ వెలుగే లేనప్పుడు పచ్చ బట్ట పంపడానికి ఏముంటుంది? నా లంగాకి పట్టిన గతి అదే. తెలుపు, వెండి అట్లా కాదు, ఏ లైటు వేస్తే ఆ రంగు వేసుకుంటాయి. అందుకని ఇలాంటి చోటికి తెల్ల బట్ట, దాని మీద చమ్కీ, అద్దాలు, వెండి గోటా. మన లంబాడీ అద్దాల పనికి సాటి వచ్చే డిస్కో బట్ట ఇంకోటి లేదు నా లెక్కలో, ఒక్కో అద్దం లైటుని పట్టుకుని తిప్పి కొడుతుంది, మనిషి కదిలేకొద్దీ చుక్కలు గోడల మీద పరిగెడతాయి.

యూవీ ట్యూబులు పెట్టే పార్టీ అయితే లెక్క మొత్తం మారిపోతుంది. ఆ ట్యూబుల వెలుగులో చాలా భాగం మన కంటికి కనపడదు, హాలంతా మసక ఊదా రంగులో ఉంటుంది. నియాన్ రంగులు ఆ కనపడని వెలుగుని మింగి కనపడే వెలుగుగా మార్చి వదులుతాయి, అందుకే బట్ట లోపల బల్బు పెట్టినట్టు ఉంటుంది. ఇక్కడ చమ్కీలు, అద్దాలు పెద్దగా పనిచేయవు, దొరికే వెలుగే తక్కువ కదా. నియాన్ పసుపు, నియాన్ ఆరెంజ్, నియాన్ పింక్, తర్వాత తెలుపు. తెలుపు ఎందుకంటే చాలా డిటర్జెంట్ పౌడర్లలో బట్ట తెల్లగా కనపడటానికి ఆప్టికల్ బ్రైటెనర్ కలుపుతారు, అది యూవీలో నీలంగా వెలుగుతుంది. రోజూ ఉతికి ఉతికి పాతబడ్డ మీ తెల్ల టీషర్టు అప్పటికే సగం పార్టీ డ్రెస్ అన్నమాట. నీలిమందు వేస్తే కూడా వస్తుందా అని మా తమ్ముడు అడిగాడు, రాదు, అది రంగు మాత్రమే, వెలగదు. ఇంకో మాట, యూవీ పార్టీకి ప్లెయిన్ నల్ల బట్ట వేసుకెళ్తే దాని మీదున్న దూది పీచు, టవల్ నూగు మొత్తం నక్షత్రాల్లా కనపడుతుంది. పళ్లు కూడా వెలుగుతాయి. నవ్వేముందు గుర్తు పెట్టుకోండి.

షాపులో ఏది వెలుగుతుందో ఎట్లా తెలుస్తుంది? కంటికి నియాన్‌లా కనిపించే బట్టలన్నీ నియాన్ కావు. దొంగనోట్లు పట్టుకునే చిన్న యూవీ టార్చి ఉంటుంది చూడండి, 500 నోటు మీద పెడితే నంబర్లు వెలుగుతాయి, అది జేబులో పెట్టుకుని వెళ్లండి. కోఠి గుజరాతీ గల్లీలో ఎలక్ట్రానిక్ షాపుల్లో దొరుకుతుంది, సుల్తాన్ బజార్ మెట్రో స్టేషన్‌లో దిగితే నడిచే దూరమే. అది కొనడం కూడా దండగ అనుకుంటే బట్టల షాపు కౌంటర్ దగ్గరే నోట్లు చూసే లైటు ఉంటే, "భయ్యా, ఒక్కసారి ఈ ముక్క దాని కింద పెట్టి చూపించు" అనండి. మొదట వింతగా చూస్తారు, తర్వాత వాళ్లకే సరదా పుట్టి ఇంకో నాలుగు తానులు తెచ్చి పెడతారు. నేను అట్లా చూసినప్పుడు ఒకేలా కనిపించే రెండు పింక్ లేసుల్లో ఒకటి నిప్పులా మండింది, ఇంకోటి చచ్చిన రంగులో పడుంది. ధర రెండింటికీ ఒకటే.

మూడో రకం రోడ్డు మీద డాన్స్. బరాత్, గణేశ్ నిమజ్జనం, గల్లీలో తీన్‌మార్. అక్కడ నిలకడగా ఉండే లైటు ఉండదు, బండి హెడ్‌లైట్లు, ఫోన్ ఫ్లాష్‌లు, అంతే. దీనికి బండ్ల వెనక అతికించే రేడియం ఉందే, అది. పేరుకే రేడియం, అందులో రేడియం ఏమీ ఉండదు, భయపడకండి. దాంట్లో సన్నటి గాజు పూసలు గానీ, అచ్చు గట్టిన చిన్న పలకలు గానీ ఉంటాయి, లైటు ఎటు నుంచి వస్తే అటే తిప్పి పంపిస్తాయి. అందుకే పక్కన నిలబడ్డవాళ్లకి మామూలు బూడిద పట్టీలా ఉంటుంది, ఫ్లాష్ వేసి ఫొటో తీసినవాళ్లకి మాత్రం తెల్లగా భగ్గుమంటుంది. డాన్స్ చేసేటప్పుడు ఎవరూ పట్టించుకోరు, తెల్లారి స్టేటస్‌లో మీరొక్కరే వెలుగుతుంటారు.

రేడియం పట్టీ విడిగా మీటర్ల లెక్కన కొనేకంటే తెలివైన పని, రాణిగంజ్‌లో సేఫ్టీ సామాన్లు అమ్మే షాపులో ఒక జాకెట్ కొనడం. రోడ్డు పని చేసేవాళ్లు, ట్రాఫిక్ దగ్గర నిలబడేవాళ్లు వేసుకునే నియాన్ జాలీ జాకెట్. జనరల్ బజార్ నుంచి ఎంజీ రోడ్డు వెంబడే వెళ్తే రాణిగంజ్ వస్తుంది, ఒకే ట్రిప్పులో రెండూ అయిపోతాయి. బట్ట నియాన్, పట్టీలు రేడియం, రెండూ ఒకదాంట్లోనే దొరికితే ఇంకేం కావాలి. అట్లాగే వేసుకుంటే మాత్రం ఎవరో ఒకరు "అక్కా, రోడ్డు ఎప్పుడు ఏస్తరు" అంటారు, కాబట్టి కోయాలి. నడుం దగ్గర కత్తిరించి పొట్టి చేయండి, తీసిన ముక్క మీదున్న రేడియం పట్టీని విప్పి భుజాల మీదికి, చేతుల పట్టీలకి వాడండి. జాలీ అంచులు పోగులు లేవకుండా పీకో షాపులో ఒక చుట్టు వేయించుకోండి, ఇంట్లో మిషన్ ఉంటే మడిచి కుట్టేయండి. రేడియం స్టిక్కర్ షీటు నేరుగా బట్టకి అతికించే ఆలోచన మానుకోండి, చెమటకి పావుగంటలో రాలిపోతుంది. దాని మీద సూది వేస్తే జిగురు అంటుకుని దారం తెగుతుంది. కుట్టే రకం పట్టీ వేరే ఉంటుంది, జాకెట్ మీద ఉండేది అదే.

ఇప్పుడు డబ్బులు ఎక్కడ పెట్టాలి అనే విషయం. నడుం కింద ఏం వేసుకున్నా గుంపులో ఎవరికీ కనపడదు, పాత జీన్సో లెగ్గింగో సరిపోతుంది. మెడ నుంచి మోచేతుల వరకు, వీపు, తల, ఇంతే మీ బడ్జెట్. అందులోనూ ఒక చోటుని అందరూ మర్చిపోతారు, చేతి కింది భాగం. మన డాన్స్ మొత్తం చేతులు పైకెత్తే కదా, బీట్ పడగానే కనిపించేది చంక నుంచి మోచేయి దాకా ఉండే లోపలి వైపు. మెరిసే లేసు కాస్తే ఉంటే దాన్ని చేతి పైన కాకుండా అక్కడ వేయండి. వేలాడే కుచ్చుల లేసు అయితే ఇంకా మంచిది, మీరు ఆగినా అవి రెండు క్షణాలు ఊగుతూనే ఉంటాయి. లేసులకి లాడ్ బజార్ కూడా మంచిదే, కానీ అక్కడికి వెళ్తే గాజులు చూడకుండా రారు, 2024లో జీఐ (భౌగోళిక) గుర్తింపు వచ్చిన ఆ లక్క గాజులు లైట్ల కింద అద్భుతంగా ఉంటాయి గానీ తోపులాట డాన్స్‌లో పగిలి గుచ్చుకుంటాయి. సంగీత్‌కి ఓకే, నిమజ్జనానికి వద్దు.

యూవీ పార్టీకి నేను చేసిన వాటిలో బాగా కుదిరింది ముగ్గు టీషర్టు. వీపు నిండా సందు చుక్కల మెలిక ముగ్గు, 7 చుక్కల నుంచి 4 వరకు. చుక్కలు యూవీలో వెలిగినంత బాగా ఏ బొమ్మా వెలగదు, పైగా గీతలు కాస్త వంకర పోయినా ముగ్గే కదా, ఎవరూ తప్పు పట్టరు.

తెల్లదో, ముదురు రంగుదో పాత కాటన్ టీషర్టు తీసుకోండి. గంజి, సాఫ్ట్‌నర్ లేకుండా ఉతికి ఆరేసి ఇస్త్రీ చేయండి. కాటనో కాదో అనుమానం ఉంటే లోపలి అంచు నుంచి నాలుగు పోగులు లాగి సింకు మీద పట్టుకుని అగ్గిపుల్ల పెట్టండి. కాగితం కాలిన వాసన వచ్చి బూడిద అయితే కాటన్, కరిగి గట్టి పూసలా ముద్దకడితే పాలిస్టర్. ఇంట్లో రంగు పొడి కలిపి టీషర్టు మొత్తం నియాన్ రంగులో ముంచి తీద్దామనే ఆలోచన ఉంటే వదిలేయండి, కాటన్‌కి వాడే మామూలు డైలతో ఆ మెరుపు రాదు. నియాన్ కావాలంటే పాలిస్టర్, లైక్రా బట్టలు ఆ రంగులోనే కొనుక్కోవాలి, లేదా కాటన్ మీద ఫ్లోరోసెంట్ ఫాబ్రిక్ కలర్‌తో వేసుకోవాలి. స్టేషనరీ షాపుల్లో ఫెవిక్రిల్ చిన్న సీసాలు దొరుకుతాయి, ఫ్లోరోసెంట్ అని రాసి ఉన్నవే తీసుకోండి, మామూలు పసుపు తెచ్చుకుని వెలగట్లేదంటే ఎట్లా. చీకట్లో మెరిసే రంగు అని ఇంకోటి అమ్ముతారు, అది ముందు లైటు పట్టి ఉంచితే తర్వాత చీకట్లో కాసేపు మినుకుమినుకుమంటుంది, రాత్రంతా లైట్లు వెలిగే డాన్స్ ఫ్లోర్‌లో దానికి పెట్టే డబ్బులు వేస్ట్.

టీషర్టు లోపల కొరియర్ డబ్బా అట్ట పెట్టండి, లేకపోతే రంగు ముందు వైపుకి దిగుతుంది. బట్టని అట్ట మీద సాగదీయకండి, ముడత లేకుండా ఉంటే చాలు. సుద్దముక్కతో వీపు మధ్యలో రెండు వేళ్ల ఎడంతో ఏడు చుక్కల వరస, దాని పైనా కిందా ఆరు, ఐదు, నాలుగు, మొత్తం 37 చుక్కలు. రంగు చుక్క పెట్టడానికి బ్రష్ వద్దు, పెన్సిల్ వెనక రబ్బరుని రంగులో ముంచి నిటారుగా ఒక్కసారి అద్ది ఎత్తండి, గుండ్రంగా వస్తుంది. బట్ట నలుపో నీలమో అయితే ముందు అదే పెన్సిల్‌తో తెల్ల రంగు చుక్క పెట్టి, పూర్తిగా ఆరాక దాని మీద నియాన్ పెట్టండి. ఇది నేను నా మొదటి టీషర్టు పాడు చేసుకుని నేర్చుకున్నా, నల్ల బట్ట మీద నేరుగా పెట్టిన నియాన్ పింక్ ఇటుకపొడిలా కనిపించింది. చుక్కలు ఆరాక సన్న బ్రష్‌తో మెలికలు తిప్పండి. రంగులో నీళ్లు కలపకండి, పాకిపోతుంది. మందంగా కూడా వేయకండి, అట్టకట్టి డాన్స్‌లో పగుళ్లు వస్తాయి.

ఒక రోజంతా నీడలో ఆరనిచ్చి, తిరగేసి, వెనక వైపు నుంచి ఆవిరి లేకుండా ఇస్త్రీ పెట్టాలి. ఉతకడానికి కనీసం మూడు రోజులు ఆగండి. అంటే పార్టీకి ముందు రోజు రాత్రి కూర్చుని చేసే పని కాదు ఇది, వారం ముందే మొదలుపెట్టండి. ఎండలో మాత్రం ఆరేయకండి, ఫ్లోరోసెంట్ రంగులు ఎండకి తొందరగా వెలిసిపోతాయి. మిగిలిన రంగు ఒంటికీ మొహానికీ పూసుకోవద్దు, అది బట్టల రంగు.

లైట్ల డ్రెస్ సంగతి. సన్న రాగి తీగ మీద చిన్న చిన్న ఎల్‌ఈడీలు ఉండే ఫెయిరీ లైట్లు, బేగం బజార్‌లోనూ గుజరాతీ గల్లీలోనూ దొరుకుతాయి. బటన్ సెల్‌తో వచ్చేవి చౌక, కానీ సెల్ తొందరగా నీరసపడుతుంది. ఇంట్లో చిన్నపిల్లలు ఉంటే అసలు వద్దు, ఆ బిళ్ల మింగితే 2 గంటల్లోనే గొంతులో అన్నవాహిక కాలిపోయే ప్రమాదం ఉంది. మొదటే పెన్సిల్ సెల్ బాక్స్ ఉన్నవి అడగండి, కాస్త బరువు, కానీ రాత్రంతా వెలుగుతాయి.

తీగని నేరుగా డ్రెస్‌కి కుట్టేయకండి, ఉతకలేరు. నేను చేసేది ఏంటంటే, అర మీటరు తెల్ల నెట్ తీసుకుని భుజాల మీద కప్పుకునే చిన్న కేప్‌లా రెండు పొరలుగా కోసి, మధ్యలో తీగ పరిచి, రెండు వేళ్లకో టాకా వేస్తాను. దారం తీగ పక్క నుంచి వచ్చి తీగ మీదుగా పోయి కిందికి దిగాలి, తీగని గుచ్చకూడదు. ఆ రాగి పోగుల మీద పలచటి పూత ఉంటుంది, సూది దాన్ని గీరిందంటే రెండు పోగులూ తగిలి లైట్లు ఆరిపోతాయి. మోచేయి, చంక దగ్గరికి తీగ పోనివ్వకండి, మడిచిన చోటే తెగుతుంది. చివర పొడుగు మిగిలితే కత్తిరించకుండా చుట్ట చుట్టి వీపు వైపు దాచేయండి. బాక్స్‌కి లోపలి వైపు చిన్న సంచి కుట్టి, చెమట తగలకుండా పాలిథిన్ చుట్టి పెట్టండి. కేప్‌ని డ్రెస్‌కి నాలుగు టిచ్ బటన్లతో పట్టించాలి, పిన్నీసులు వద్దు, గుంపులో ఎవరికి గుచ్చుకుంటుందో తెలీదు. మొదటిసారి నేను బాక్స్‌ని ముందు వైపు పెట్టుకున్నాను, మా అక్క వచ్చి కౌగిలించుకున్నప్పుడల్లా స్విచ్ నొక్కుకుని ఆరిపోయేది.

హైదరాబాద్ ఉక్కకి పాలిస్టర్ ఒంటికి తగిలేలా వేసుకుంటే అరగంటలో వీపు దురద మొదలవుతుంది. లోపల పలచటి కాటన్ బనియన్, దాని మీద మెరిసేవి. ఇంకోటి, ఈ మధ్య పెళ్లిళ్లలో వధూవరులు రాగానే రెండు పక్కలా కోల్డ్ పైరో నిప్పురవ్వలు ఎగదోస్తున్నారు. పేరులో కోల్డ్ ఉందని దగ్గరికి పోకండి, నెట్ బట్ట, పాలిస్టర్ కుచ్చులు ఒక్క రవ్వకి కరిగి చర్మానికి అతుక్కుంటాయి.

అమ్మ పాత చీరల పెట్టె తెరిచేటప్పుడు అడిగి తెరవండి. చమ్కీ జార్జెట్‌లు, షిఫాన్‌లు అయితే చాలాసార్లు "తీస్కో పో" అంటారు, ఒక చీర అంచుతో రెండు డ్రెస్‌ల చేతులు వస్తాయి. పట్టుచీర జోలికి మాత్రం పోకండి, నేను పోయాను, ఇప్పటికీ పండగొచ్చినప్పుడల్లా ఆ చీర ఊసు వస్తుంది.

నా చివరి యూవీ డ్రెస్‌కి, పాత టీషర్టు, మూడు రంగు సీసాలు, సేఫ్టీ జాకెట్, నెట్ ముక్క, లైట్లు, నియాన్ షూ లేసులు, అన్నీ కలిపి 800 చిల్లర అయింది, టార్చి కాకుండా. పాత తెల్ల కాన్వాస్ షూస్ ఉంటే డిటర్జెంట్ పెట్టి రుద్ది వేసుకోండి, గెంతినప్పుడు అవీ వెలుగుతాయి.

ఇంటికి రాగానే నిద్ర ముంచుకొస్తున్నా సరే లైట్ల బాక్స్‌లోంచి సెల్స్ తీసేయండి, చెమటతో అట్లాగే వదిలేస్తే కారి స్ప్రింగులు తుప్పు పడతాయి. టీషర్టు తిరగేసి చల్లనీళ్లలో చేత్తో ఉతకండి. జాకెట్‌ని మిషన్లో వేయకండి, రేడియం పొర లేచిపోతుంది, తడి గుడ్డతో తుడిస్తే చాలు. దాన్ని మా నాన్న ఇప్పుడు రాత్రిపూట స్కూటర్ మీద పాల ప్యాకెట్ తేవడానికి వేసుకెళ్తున్నారు.